బూగన్‌విల్ సంధి : దేశాచారము, బాహ్యసాహాయ్యము

వైరము గల రెండు పక్షములను కలుపుటకు బయటివాడు కావలెనా, ఇంటివాడు కావలెనా అను ప్రశ్న మనకు క్రొత్తది కాదు. ఉద్యోగపర్వమున శ్రీకృష్ణుడు ఉభయపక్షములకును బంధువై రాయబారమునకు వెళ్లెను. ఆ రాయబారము ఫలింపలేదు. ఆ వైఫల్యమునకు దుర్యోధనుని మొండితనమే కారణమని విద్యార్థులు సాధారణముగా వ్రాయుదురు. అది నిజమే. కాని రాయబారి యెంత సమర్థుడైనను, రాజీని తమ మర్యాదగా గ్రహించు మనస్సు లోపల లేనిచో అతడు చేయగలిగినది స్వల్పమని కూడ ఆ కథ చెప్పుచున్నది. ఇది కావ్యమునందలి మాట. చరిత్రయందు దీనిని పరీక్షించి చూచుటకు పసిఫిక్ మహాసముద్రమందలి బూగన్‌విల్ ద్వీపము మంచి నిదర్శనము. అచ్చట 1988లో మొదలైన పోరు 1998లో విరమణ పొందినది. అది యెట్లు విరమించినదో ఈ వ్యాసమున పరిశీలింప దలచితిమి.

మా యభిప్రాయమును ముందుగనే చెప్పుచున్నాము. బూగన్‌విల్‌లో దేశాచార మొక్కటియే యుద్ధము నాపలేకపోయెను. బాహ్యసాహాయ్య మొక్కటియు నాపలేకపోయెను. బయటివారు ఆయుధములు లేక వచ్చి, మాటలాడుకొనుటకు చోటును కాలమును కల్పించి, తీర్పును ద్వీపవాసులకే విడిచినప్పుడు సంధి కుదిరినది. అయినను ఆచారమునకును అందని ఋణ మొకటి మిగిలియున్నది. దానిని చివర ప్రస్తావింతుము.

దేశము - వైరకారణములు

బూగన్‌విల్ భౌగోళికముగా సాలమన్ దీవుల సముదాయమునకు చెందినది. రాజకీయముగా పాపువా న్యూగినీ దేశమున చేరియున్నది. ఈ వైరుధ్యము ద్వీపవాసులు కోరి తెచ్చుకొన్నది కాదు. 1768లో ఫ్రెంచి నావికుడు లూయీ ఆంత్వాన్ ద బూగన్‌విల్ ఈ తీరమును చూచుటచే ద్వీపమున కా పేరు వచ్చినది. 1886లో జర్మనులును ఆంగ్లేయులును సాలమన్ దీవులను పంచుకొనిరి. 1899 నాటి యొడంబడికచే మఱికొన్ని దీవులు బ్రిటనుకు పోగా, బూగన్‌విల్, దాని ప్రక్కనున్న బుకా జర్మనీ చేతిలోనే నిలిచెను. 1914లో అవి ఆస్ట్రేలియా వశమయ్యెను. 1975 సెప్టెంబరు 16న పాపువా న్యూగినీ స్వతంత్రమైనప్పుడు ఈ దీవులు దానితోపాటు పోయినవి. దానికి పదునైదు దినములు ముందు, సెప్టెంబరు 1న, ద్వీపనాయకులు తమది వేఱు గణతంత్రమని ప్రకటించిరి. ఏ దేశమును దానిని గుర్తింపలేదు. 1976లో రాష్ట్రప్రభుత్వపు హోదా పొంది వారు తాత్కాలికముగా సమాధానపడిరి.

ద్వీపమున ఇరువది వఱకు భాషలు కలవు. పరస్పర వ్యవహారమునకు టోక్ పిసిన్ అను మిశ్రభాష ఉపయోగపడుచున్నది. జనులలో క్రైస్తవులే అధికసంఖ్యాకులు. వారిలో కాథలిక్కులు ఎక్కువ. దక్షిణమున బూయిన్ వంటి ప్రాంతములను మినహాయించినచో, ద్వీపమున చాల భాగమున భూమి తల్లివైపున సంక్రమించును. శరీరచ్ఛాయయందు తాము ప్రధానభూభాగము వారికంటె నల్లనివారమను భావము ద్వీపవాసులలో బలముగా నుండెను. తమ నలుపును వారు వేఱు జాతిత్వమునకు గుర్తుగా చెప్పుకొనిరి. 1972 డిసెంబరులో ప్రధానభూభాగమందలి గొరోకా వద్ద ఇద్దఱు బూగన్‌విల్ అధికారులు గుంపుచేతిలో హతులగుటతో ఈ భేదభావము తీవ్రమయ్యెను.

దీనికి తోడైనది పంగునా రాగిగని. ఆస్ట్రేలియాలోని రియో టింటో సంస్థ శాఖచే స్థాపింపబడిన బూగన్‌విల్ కాపర్ కంపెనీ 1972లో అచ్చట ఉత్పత్తి మొదలుపెట్టినది. నాటినుండి 1989 వఱకు పాపువా న్యూగినీ యెగుమతుల విలువలో సుమారు 44 శాతము ఈ యొక్క గనినుండి వచ్చినది. గని వ్యర్థములు మాత్రము కవెరాంగ్, జాబా నదులలో కలిసి పల్లపు భూములను పూడ్చివేసినవి. ప్రధానభూభాగమునుండి వేలకొలది పనివాండ్రు వచ్చి చేరిరి. భూమి తల్లివైపు సొత్తు కాగా, అధికారులు బేరము పురుషులతో చేసిరి. 1969లో రోరొవానా గ్రామస్త్రీలు తమ నేలలో సర్వేయరులు పాతిన గుంజలను పెఱికివేసిరి. పోలీసులు లాఠీలతోను బాష్పవాయువుతోను వారి నెదుర్కొనిరి. ఈ సంఘటన రాబోవు పోరునకు పీఠికవంటిది.

1988 నవంబరులో పూర్వము గనిలో పనిచేసిన ఫ్రాన్సిస్ ఓనా అనుచరులు విద్యుత్ స్తంభములను ప్రేల్చివేసిరి. 1989 మేలో గని మూతపడెను. ప్రభుత్వము సైన్యమును దింపినది. 1990 మార్చిలో సైన్యము వైదొలగిన పిమ్మట ద్వీపమునకు రాకపోకలు నిలిపివేయబడెను. మందులు కూడ చేరలేదు. అదే మేలో తిరుగుబాటు నాయకులు స్వాతంత్ర్యమును ప్రకటించిరి. అంతటితో రాజ్యమునకును ద్వీపమునకును నడుమ నున్న పోరు ద్వీపము లోపలి పోరుగా మాఱెను. పాత కుటుంబవైరములు తుపాకులు పట్టినవి. విప్లవసైన్యమున కెదురుగా స్థానికులే ప్రతిఘటన దళములుగా నేర్పడి ప్రభుత్వసైన్యముతో చేరిరి. యుద్ధముచేతను, వైద్యము లేమిచేతను మరణించినవారి సంఖ్యను గూర్చి అభిప్రాయభేదములు కలవు. 20,000 వఱకు నుండునని చెప్పువారును కలరు. ఈ రెండు పొరల వైరమును గుర్తింపక సంధి తత్త్వమును గ్రహింపజాలము.

విఫలయత్నములు

సంధియత్నములు మొదటినుండియు జరిగినవి. 1990లో ఎండెవర్ అను న్యూజీలండు నౌకపై ఉభయులు చర్చించి ఒడంబడిక వ్రాసికొనిరి. 1991 జనవరిలో హొనియారాలో మఱియొకటి వ్రాసికొనిరి. ఈ రెండింటికిని లోపము ఒక్కటే. షరతుల నెవరు పాటించుచున్నారో, ఎవరు తప్పుచున్నారో చూచి చెప్పు తటస్థులు ద్వీపమున లేకపోయిరి. ఒక్కొక్క పక్షము తన కనుకూలమైన యర్థము చెప్పుకొనుటచే వ్రాతలు నిష్ఫలమయ్యెను.

1994 అక్టోబరులో అరావా పట్టణమున మహాసభ జరిగెను. ఈసారి తటస్థులు వచ్చిరి. ఫీజీ, టాంగా, వనువాటు దేశముల సైనికులు ఆస్ట్రేలియా సాహాయ్యముతో సభకు కాపుగా నిలిచిరి. కాని వారు వచ్చినది కొలది దినములకు మాత్రమే. విప్లవసైన్య నాయకులు తమ ప్రాణములకు భద్రత లేదని సభకు రాలేదు. బయటివారి గడువునకును, లోపలివారి నమ్మకము పెరుగు వేగమునకును పొత్తు కుదరలేదు.

మఱియొకవైపు దేశాచారము తన పని తాను చేయుచునే యుండెను. గ్రామపెద్దలు, మతగురువులు, స్త్రీసంఘములవారు ఎక్కడి వైరమును అక్కడనే చల్లార్చ యత్నించిరి. తల్లులు అడవిలోనికి నడచిపోయి తుపాకులు పట్టిన కొడుకులను ఇంటికి పిలిచిరి. పూర్వము న్యాయమూర్తిగా పనిచేసిన థియొడోర్ మిరియుంగ్ 1994 సభకు ఉత్తర నసియోయ్ జనులను తోడ్కొని వచ్చి, 1995లో తాత్కాలిక ప్రభుత్వమునకు ప్రధానియై, ఉభయపక్షముల నడుమ నిలువ యత్నించెను. 1996 అక్టోబరు 12న ఆయన హతుడయ్యెను. ప్రభుత్వసైనికులకును ప్రతిఘటన దళమువారికిని ఆ హత్యలో పాలున్నట్లు విచారణలో తేలినది. మధ్యవర్తిని కాపాడు శక్తి ఆచారమునకు లేదని ఈ హత్య నిరూపించినది.

కావున 1990 నుండి 1996 వఱకు గల కాలమును ఒక ప్రయోగముగా భావింపవచ్చును. ఒప్పందము కలదు, సాక్షి లేడు. సాక్షి కలడు, సమయము లేదు. మధ్యవర్తి కలడు, రక్షణ లేదు. లోపల సగము, బయట సగము వేఱువేఱుగా నున్నంతకాలము రెండును ఓడినవి.

బర్న్‌హామ్ చర్చలు

1997 ఆరంభమున పాపువా న్యూగినీ ప్రభుత్వము శాండ్‌లైన్ అను కూలిసైనికుల సంస్థతో 3 కోట్ల 60 లక్షల డాలర్ల ఒప్పందము చేసికొని, గనిని బలముతో తిరిగి పట్టుకొన నెంచెను. సేనాధిపతి జెర్రీ సింగిరొక్ దాని నెదిరించెను. రాజధానిలో అలజడి చెలరేగగా ప్రధాని జూలియస్ చాన్ మార్చిలో పదవినుండి తొలగి నిలిచెను. సైనికవిజయము అసాధ్యమని ఉభయపక్షములును గ్రహించిన సమయమది. జనులు అలసియుండిరి. బయటి సాహాయ్యము ఫలించుటకు ఇట్టి పక్వస్థితి యవసరము.

ఆ జూలైలో న్యూజీలండు తన దక్షిణద్వీపమునందలి బర్న్‌హామ్ సైనికశిబిరమును చర్చలకు ఇచ్చినది. ఆతిథ్యమిచ్చినవారి నడవడి గమనింపదగినది. మొదటి సమావేశమునకు బూగన్‌విల్ పక్షములను మాత్రమే పిలిచిరి. ఇంటి తగవు తీరనిదే వీధి తగవు తీరదు గదా. మావోరీలు తమ సంప్రదాయము ననుసరించి అతిథులను స్వాగతించిరి. ఎదురుగా నిలిచి మాటలాడుట, పాటతో పలుకరించుట, పూర్వులను స్మరించుట - ఈ మర్యాదలు ద్వీపవాసులకు పరాయివిగా తోచలేదు. చర్చనీయాంశములను ఆతిథేయులు నిర్ణయింపలేదు, గడువును విధింపలేదు. సుమారు రెండు వారములు ద్వీపవాసులే తమలో తాము మాటలాడుకొని జూలై 18న ప్రకటన వ్రాసికొనిరి. అక్టోబరులో ప్రభుత్వప్రతినిధులు కూడ చేరగా, 10వ తేదీన తాత్కాలిక విరమణ కుదిరెను. 1998 జనవరి 23న లింకన్‌లో ఒడంబడికపై సంతకములు జరిగెను. అచ్చటికి వచ్చిన స్త్రీలు ప్రత్యేకముగా తమ ప్రకటనను వెలువరించి, ఇకపై నిర్ణయములలో తమకు పాలుండవలెనని కోరిరి. మాతృవంశపు భూమిపై వారి యధికారమును తలచినచో అది వేడికోలు కాదు, హక్కును జ్ఞప్తి చేయుట. ఏప్రిల్ 30న అరావాలో శాశ్వతవిరమణ అమలులోనికి వచ్చెను.

ఆస్ట్రేలియా ధనబలమున అగ్రగణ్యమైనను మొదట నాయకత్వము వహింపలేదు. పూర్వము పాలకదేశమగుట, గనితో సంబంధముండుట, ప్రభుత్వసైన్యమునకు హెలికాప్టరులు సమకూర్చియుండుట అనుమానమునకు కారణములు. అందుచే విరమణ పరిశీలకబృందమునకు న్యూజీలండు నాయకత్వము వహించెను. ఆస్ట్రేలియా, ఫీజీ, వనువాటు దేశములవారు అందు చేరిరి. నమ్మిక కొంత కుదిరిన పిమ్మట, 1998 మే నుండి శాంతి పరిశీలకబృందమున కాస్ట్రేలియా నాయకత్వము వహించెను.

నిరాయుధులగు పరిశీలకులు

ఈ బృందములవారు ఆయుధములు ధరింపలేదు. ఇది ద్వీపమున కొందఱు నాయకులు పట్టుపట్టిన షరతు. ఆస్ట్రేలియా సేనాధికారులకు మొదట భయము కలిగించిన షరతు. కాని దీని ఫలము గొప్పది. తుపాకి పట్టి వచ్చినవాడు తన ప్రాణమును తానే కాపాడుకొనును. వట్టిచేతులతో వచ్చినవాని ప్రాణము గ్రామము పూచీ. అతిథికి హాని జరిగినచో తలవంపు గ్రామమునకే. ఈ విధముగ శాంతిభారము బయటివారి నుండి లోపలివారి భుజములకు మాఱెను. స్త్రీలు, పురుషులు, మావోరీలు, ఫీజీవారు, వనువాటువారు కలిసిన చిన్న గస్తీలు గ్రామముల వెంట తిరిగి, ఒడంబడికను టోక్ పిసిన్ భాషలో వివరించి, వదంతులను తుడిచి, గిటారు వాయించి పాడి, పిల్లలతో ఆడిరి. గస్తీవారు పాడిన పాటలను గూర్చి నవ్వినవారున్నను, ఎనిమిదేండ్లు తుపాకి తప్ప వేఱు పరాయి వస్తువును చూడని గ్రామమునకు పాట యొక రాజ్యాంగపత్రముకంటె ముందుగా అర్థమగును. ఐక్యరాజ్యసమితి పరిశీలకులు 1998 ఆగస్టు నుండి సంప్రదింపుల సంఘమునకు అధ్యక్షత వహించిరి. శాంతి పరిశీలకబృందము 2003 జూన్ 30 వఱకు నిలిచినది. 1994 నాటి కొలది దినములతో దీనిని పోల్చి చూడవలెను.

కడుపు చల్లార్చుట

ఆస్ట్రేలియా ఈ కార్యక్రమమునకు 'బెల్ ఇసి' అని పేరు పెట్టెను. ఇది టోక్ పిసిన్ పదబంధము. 'బెల్' అనగా కడుపు. బెల్ ఇసి యనగా కుదుటపడిన కడుపు, శాంతి. కోపము 'బెల్ హాట్', వేడెక్కిన కడుపు. అనురాగైక్యము 'వన్‌బెల్', ఒకే కడుపు. తెనుగు చదివినవారికి ఈ మాటలు వింతగా నుండవు. మనకును కడుపుమంట కలదు, కడుపుకోత కలదు. తప్పును క్షమింపుమనుటకు 'కడుపులో పెట్టుకొనుము' అందుము. మేలు కోరుచు 'నీ కడుపు చల్లగా' అని దీవింతుము. రెండు భాషలకును ఎట్టి చుట్టఱికమును లేదు. మనస్సునకు స్థానము హృదయమని కావ్యభాష చెప్పుచుండగా, కడుపని జనవాక్కు చెప్పుచున్నది. వైరము తీర్చువాడు ఈ జనవాక్కును వినవలెను.

'బెల్ కోల్', అనగా కడుపు చల్లార్చుట, ద్వీపమున ఒక క్రతువు పేరు. ఇది సంపూర్ణసంధి కాదు. మాటలకు తలుపు తెఱచుట మాత్రమే. దాని పిమ్మట పెద్దలు నెలలకొలది, ఒక్కొక్కచో ఏండ్లకొలది, ఉభయకుటుంబముల నడుమ తిరుగుదురు. చంపినవాడు తాను చేసినదానిని ఒప్పుకొనవలెను. కళేబరమెక్కడ నున్నదో చెప్పవలెను. తరువాత పందులు, గవ్వల సొమ్ము ఇచ్చిపుచ్చుకొందురు. పోకచెక్కను కలిసి నమలుదురు. విల్లమ్ములను విఱిచివేయుదురు. కొన్ని ప్రాంతములలో ఱాతిని పాతి, వైరమును దానితోపాటు భూస్థాపితము చేసినట్లు భావింతురు. క్రైస్తవప్రార్థన జరుగును, కలిసి భుజింతురు. తాంబూలము పుచ్చుకొని మాట నిలుపుకొను మన యాచారము నెఱిగినవారికి ఇందలి పోక యర్థము వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇందలి న్యాయసూత్రము మన న్యాయస్థానముల సూత్రము కాదు. దోషిని వేఱుచేసి శిక్షించుట ఇచ్చటి లక్ష్యము కాదు. తెగిన యిచ్చిపుచ్చుకొనుటను తిరిగి ముడివేయుట లక్ష్యము. ఇట్టి పనిని ఏ బాహ్యసంస్థయు చేయజాలదు. హెలికాప్టరుచే పెద్దలను ఒక లోయనుండి మఱియొక లోయకు చేర్చగలదు. పందుల కొనుగోలునకు, రవాణాకు సాయపడగలదు. సాక్షిగా ప్రక్కన కూర్చుండగలదు. అంతవఱకే. సాయము హద్దు మీఱినచోట హానియు కలిగెను. క్రతువునకు బయటి డబ్బు అలవాటైనకొలది, నగదు లేనిదే క్షమ లేదను ధోరణి కొన్నియెడల ప్రబలినదని ద్వీపపెద్దలే విచారపడిరి. ఆచారమునకు తోడ్పడుట వేఱు, ఆచారమును వెలకట్టుట వేఱు.

రెండు తాళములు

2001 ఆగస్టు 30న అరావాలో బూగన్‌విల్ శాంతి ఒడంబడికపై సంతకములు జరిగెను. స్వయంపాలనము, ఆయుధవిసర్జనము, స్వాతంత్ర్యమును గూర్చిన ప్రజాభిప్రాయసేకరణము - ఇవి దాని మూడు స్తంభములు. ఆయుధవిసర్జన విధానమున మా వాద మంతయు ఇమిడియున్నది. మొదట యోధులు తమ తుపాకులను తమ దళనాయకుని పెట్టెలో చేర్తురు. పిమ్మట వానిని పెద్ద పెట్టెలలో నుంచి రెండు తాళములు వేయుదురు. ఒక తాళపుచెవి స్థానిక దళనాయకుని వద్ద, రెండవది ఐక్యరాజ్యసమితి పరిశీలకుని వద్ద నుండును. ఇద్దఱును కలియనిదే పెట్టె తెఱవబడదు. ఆ యాయుధముల నేమి చేయవలెనను నిర్ణయము మూడవ దశ. నాశము చేయుటకే నిశ్చయము జరిగినది.

2005 జూన్‌లో స్వయంపాలిత ప్రభుత్వ మేర్పడి, జోసెఫ్ కబుయి మొదటి అధ్యక్షుడయ్యెను. 2019 నవంబరు, డిసెంబరు మాసములలో జరిగిన యభిప్రాయసేకరణమున 181,067 మంది ఓటు వేయగా 176,928 మంది స్వాతంత్ర్యమును కోరిరి. పూర్వము విప్లవసైన్యమున నాయకుడుగా నున్న ఇష్మాయెల్ తొరొయామా 2020లో ఓటుచేతనే అధ్యక్షుడయ్యెను. ఒడంబడిక ప్రకారము అభిప్రాయసేకరణ ఫలితము తనంత తాను చట్టము కాదు. ఉభయప్రభుత్వముల సంప్రదింపులు, జాతీయశాసనసభ నిర్ణయము దానికి కావలెను. తుపాకితో మొదలైన వివాదము బల్లకడ నడుచుట యనునదే ఈ సంధి సాధించిన ముఖ్యఫలము.

మిగిలిన ఋణము

అయినను ఈ సంధిని అతిగా పొగడరాదు. ఫ్రాన్సిస్ ఓనా 2005లో మరణించు వఱకు దీనిలో చేరలేదు. పంగునా పరిసరములు చాలకాలము దీనికి వెలియైయుండెను. అంతకంటె ముఖ్యమైన విషయము మఱియొకటి. ఆచారము మనిషిని మనిషితో, కులమును కులముతో కలుపును. ఎదుటివాడు కూర్చుండి, ఒప్పుకొని, పోకచెక్క నందుకొనవలెను. నదిని పూడ్చిన కంపెనీ యెవరి కుటుంబము? దాని పక్షమున కన్నీరు పెట్టువా డెవడు? 2016లో రియో టింటో తన వాటాలను ఉభయప్రభుత్వములకు వదలి తప్పుకొనెను. 2020లో నదీతీరవాసులు 156 మంది ఫిర్యాదు చేయగా, 2021లో గని మిగిల్చిన హానిని పరీక్షించుటకు వ్యయము భరింప నొప్పుకొనెను. 2024లో ఆ పరీక్ష మొదటి నివేదిక వెలువడినది. కొలుచుట జరిగినది, కడుపు చల్లార్చుట యింకను జరుగవలసియున్నది. ఇచ్చట బయటివాడు సహాయకుడు కాడు, ప్రతివాది. బాహ్యసాహాయ్యమను మాటను వాడునప్పుడు ఆ బయటివాడే వైరమునకు మూలమైన సందర్భములను పరిశోధకులు మఱువరాదు.

మన విద్యార్థులలో కొందఱు దేశాచారములను జానపదవిజ్ఞానముగా సేకరింతురు. మఱికొందఱు సంధులను రాజకీయచరిత్రగా చదువుదురు. బూగన్‌విల్ చరిత్ర ఈ రెండు చదువులను ఒక్కచోట చేర్చుచున్నది. మన పల్లెలలో పెద్దమనుషులు తగవులు తీర్చిన పద్ధతులు, వారు వాడిన మాటలు, పుచ్చుకొన్న తాంబూలములు ఇంకను సమగ్రముగా సేకరింపబడలేదు. ఆ పద్ధతులు ఎవరికి న్యాయము చేసినవో, ఎవరి నోరు నొక్కినవో కూడ వ్రాసికొనవలెను. రోరొవానా స్త్రీలు పెఱికిన గుంజలను అధికారులు సకాలమున చదువగలిగియున్నచో పదేండ్ల చరిత్ర వేఱుగా నుండెడిదేమో. గుంజను పెఱుకుటయు ఒక వాక్యమే. దానిని అర్థము చేసికొనుట భాషాశాస్త్రమునకును చరిత్రకును ఉమ్మడి కర్తవ్యమని మేము తలంచుచున్నాము.